ఓడలకని చేసి ఒడ్డున నిలిపిన జర్మన్ ఫిరంగులు

బెల్జియంలోని కూకెలారె అనే చిన్న ఊరి శివార్లలో, లూగెన్‌బూమ్ అనే చోట, పొలాల నడుమ ఒక పెద్ద గుండ్రటి కాంక్రీటు గొయ్యి ఇప్పటికీ ఉంది. 1917 జూన్ నుంచి ఆ గొయ్యిలో 38 సెంటీమీటర్ల జర్మన్ ఫిరంగి ఒకటి నిలబడి, 40 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఫ్రెంచి రేవు పట్టణం డంకర్క్ మీద గుండ్లు వేసింది. దాన్ని తయారుచేసింది ఎసెన్ నగరంలోని క్రుప్ సంస్థ. పేల్చింది నావికులు. అసలు దాన్ని రూపొందించింది యుద్ధనౌక మీద అమర్చడానికి. సముద్రం కనిపించని పొలంలో నావికులు ఓడ ఫిరంగిని పేలుస్తున్న ఆ దృశ్యం వింతగా తోచవచ్చు గాని, రెండు ప్రపంచ యుద్ధాల జర్మన్ భారీ ఫిరంగుల చరిత్రలో అది మామూలు సంగతే.

ఈ ఫిరంగులను రాక్షస ఆయుధాలుగా వర్ణించడం పరిపాటి. ఎంత పొడవు, ఎంత బరువు, ఎంత దూరం అన్న లెక్కల దగ్గరే ఆ వర్ణనలు చాలావరకు ఆగిపోతాయి. అంత పెద్ద గొట్టాలు అసలు అక్కడికెందుకు వచ్చాయని అడిగితే మాత్రం, జవాబు సైన్యం ప్రణాళికలలోకన్నా ఓడల నిర్మాణశాలల్లోనే ఎక్కువగా దొరుకుతుంది. జర్మనీ తలపెట్టిన ఓడలు చాలాసార్లు సమయానికి పూర్తి కాలేదు, కొన్ని ఎన్నటికీ పూర్తి కాలేదు; వాటి ఫిరంగులు మాత్రం తయారై కూర్చున్నాయి. తయారైన ఫిరంగిని ఊరికే ఉంచడం యుద్ధకాలంలో ఎవరికీ మనస్కరించదు.

ముందుగా కొలతల భాష గురించి కొంత చెప్పాలి. ఫిరంగి గొట్టం లోపలి వ్యాసాన్ని జర్మన్లు సెంటీమీటర్లలో చెప్పేవారు. దాని పక్కన రాసే ‘ఎల్ 45’ వంటి గుర్తు గొట్టం పొడవు ఆ వ్యాసానికి ఎన్ని రెట్లో తెలుపుతుంది. 38 సెంటీమీటర్ల ఎల్ 45 ఫిరంగి అంటే గొట్టం 17 మీటర్లకు కాస్త పైన ఉంటుందన్నమాట. గొట్టం ఎంత పొడవైతే, మండుతున్న మందు నుంచి పుట్టే వాయువు గుండును అంత ఎక్కువసేపు తోస్తుంది, గుండు అంత వేగంగా బయటికి వస్తుంది. నౌకా ఫిరంగికి ఈ వేగమే ప్రాణం, ఎందుకంటే శత్రు నౌక కవచాన్ని అది దాదాపు అడ్డంగా వచ్చి చీల్చాలి. కోటల మీద వాడే హోవిట్జర్‌కు పొట్టి గొట్టం చాలు. దాని గుండు నిదానంగా పైకి లేచి నిట్టనిలువుగా పైకప్పు మీద పడితే పని జరుగుతుంది.

వ్యాసం కొద్దిగా పెరిగినా గుండు బరువు దాని ఘనంలో పెరుగుతుందన్నది రెండో సూత్రం. దీనికి ఉదాహరణ తెలుగు పాఠకులకు దగ్గరలోనే ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ‘ఎమ్డెన్’ అనే జర్మన్ తేలికపాటి క్రూయిజర్ (వేగంగా పోయే యుద్ధనౌక) మద్రాసు తీరానికి వచ్చి, రేవు దగ్గరి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద కొద్ది నిమిషాల్లో 125కు పైగా గుండ్లు వేసి వెళ్లిపోయింది. ట్యాంకులు తగలబడ్డాయి, ప్రెసిడెన్సీ రాజధాని బెంబేలెత్తింది, జనం మూటాముల్లె సర్దుకొని ఊరు విడిచారు. ఆ గుండ్లలో ఒకటి తగిలిన చోటును సూచించే శిలాఫలకం హైకోర్టు ప్రాంగణపు గోడ వద్ద ఉంది. ఇంత కలకలం రేపిన ఆ ఫిరంగుల వ్యాసం పదిన్నర సెంటీమీటర్లు మాత్రమే, ఒక్కో గుండు బరువు సుమారు 17 కిలోలు. లూగెన్‌బూమ్ ఫిరంగి వ్యాసం దానికి మూడున్నర రెట్ల పైచిలుకు. గుండు బరువు మాత్రం 750 కిలోలు, అంటే నలభై రెట్లకు పైనే. ఈ ఘన సూత్రమే ఎమ్డెన్‌ను కూడా ఓడించింది. అదే ఏడాది నవంబరు 9న కొకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ ‘సిడ్నీ’ ఎదురైనప్పుడు, ముందుగా గురి తగిలించింది ఎమ్డెనే. అయినా సిడ్నీ వాడిన 15 సెంటీమీటర్ల ఫిరంగుల గుండు సుమారు 45 కిలోలుండటంతో పోరు ఏకపక్షమైపోయింది.

పెద్ద గొట్టాన్ని ఒకే ముద్దగా పోతపోయడం సాధ్యం కాదు. లోపలి గొట్టాన్ని విడిగా సాగగొట్టి, తొలిచి, దాని మీద ఎర్రగా కాల్చిన ఉక్కు కట్లను ఒకదాని తర్వాత ఒకటి తొడుగుతారు. బండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా వేసినట్టే, చల్లారిన కట్టు బిగుసుకొని లోపలి గొట్టాన్ని నొక్కిపెడుతుంది. పేలుడు ఒత్తిడి లోపలి నుంచి బయటికి తన్నినప్పుడు ఆ బిగువే దాన్ని కాపాడుతుంది. తర్వాత లోపల మెలికలు తిరిగే గాడులు కోయాలి. ఈ పనంతటికీ నెలలు పడుతుంది కాబట్టి, ఓడ అడుగుపలక వేసే రోజులకే ఫిరంగుల పని మొదలుపెట్టేవారు. అరిగిన గొట్టాలను మార్చడానికి అదనపువి కూడా చేసి ఉంచేవారు. ఒడ్డుకు చేరిన ఫిరంగుల కథకు ఈ ముందుచూపే మూలం.

క్రుప్ ఫిరంగులకు మరొక ప్రత్యేకత ఉంది. గొట్టం వెనుక భాగాన్ని బ్రిటిష్ వారు మరలాంటి మూతతో బిగించేవారు, మందును పట్టు సంచుల్లో పెట్టేవారు. క్రుప్ పద్ధతిలో వెనుక తలుపు పక్కకు జారే ఉక్కు దిమ్మె. వాయువు దాని సందుల్లోంచి వెనక్కి రాకుండా ఉండాలంటే ప్రధాన మందు ఇత్తడి డొక్కులో, అంటే తొడుగులో, ఉండాలి. పేలినప్పుడు ఆ ఇత్తడి వ్యాకోచించి సందును మూసేస్తుంది. ఇత్తడి ఖరీదు, డొక్కు బరువు అదనపు భారమే. అయినా ఈ ఏర్పాటు వల్ల ఎవరూ ముందుగా ఊహించని లాభం ఒకటి కలిగింది. 1915 జనవరి 24న డాగర్ బ్యాంక్ పోరులో ‘జైడ్లిట్జ్’ అనే జర్మన్ యుద్ధ క్రూయిజర్ వెనుక టరెట్‌లోకి (ఫిరంగులుండే, తిరిగే కవచపు గూటిలోకి) బ్రిటిష్ గుండు చొచ్చుకొచ్చి మందుకు నిప్పంటుకుంది. రెండు టరెట్ల సిబ్బంది, 150 మందికి పైగా, కాలి చనిపోయారు. మందు మండింది గాని పేలలేదు. విల్‌హెల్మ్ హైడ్‌క్యాంప్ అనే పంపు నిర్వాహకుడు కాలుతున్న వాల్వులను చేతులతో తిప్పి మందుగుండు గదులను నీటితో నింపడంతో ఓడ దక్కింది. 1916 మే 31న జట్లండ్ యుద్ధంలో మూడు బ్రిటిష్ యుద్ధ క్రూయిజర్లు, ‘ఇన్‌డిఫాటిగబుల్’, ‘క్వీన్ మేరీ’, ‘ఇన్విన్సిబుల్’, మందుగుండు గదులు పేలి క్షణాల్లో మునిగిపోయాయి. ఆ ఘనతంతా జర్మన్ ఫిరంగులకే ఆపాదించడం సరికాదు. గుండ్లు త్వరగా వేయాలన్న ఆత్రంలో బ్రిటిష్ సిబ్బంది రక్షణ తలుపులు తెరిచి ఉంచడం, మందు సంచులను దారిలో పేర్చుకోవడం కూడా అంతే పెద్ద కారణం. అయినా ఇత్తడి డొక్కు, నెమ్మదిగా మండే జర్మన్ మందు, ఈ రెండూ ఓడను బతికించడంలో గొట్టం వ్యాసంకన్నా ఎక్కువ పనిచేశాయన్నది కాదనలేని విషయం.

వ్యాసం విషయంలో జర్మన్ నౌకాదళం చాలాకాలం ఒక మెట్టు కిందనే ఉంది. బ్రిటిష్ వారు 30.5 సెంటీమీటర్లు పెడితే వీరు 28 పెట్టారు, వారు 34.3కు వెళితే వీరు 30.5కు వచ్చారు. డబ్బు కొరత ఒక కారణం. మంచు కమ్మే ఉత్తర సముద్రంలో పోరు దగ్గరి దూరంలోనే జరుగుతుందన్న అంచనా మరొకటి. ఆ దూరంలో చిన్న గుండైనా వేగంగా వస్తే చాలునని, మిగిలిన బరువును కవచానికి వాడవచ్చునని నౌకాదళ అధిపతి అడ్మిరల్ టిర్పిట్జ్ కాలపు రూపకర్తలు భావించారు. చివరకు 38 సెంటీమీటర్ల ఫిరంగితో ‘బాయెర్న్’ తరగతి ఓడలను తలపెట్టేసరికి యుద్ధం ముంచుకొచ్చింది. నాలుగింటిలో ‘బాయెర్న్’, ‘బాడెన్’ మాత్రమే సేవలో చేరాయి, అవి కూడా జట్లండ్ యుద్ధానికి అందలేదు. ‘సాక్సెన్’, ‘వ్యుర్టెంబెర్గ్’ నీటిలోకి దిగాయి గాని పూర్తి కాలేదు. జర్మనీ చేసిన అతిపెద్ద నౌకా ఫిరంగి ఆ యుద్ధంలో శత్రు యుద్ధనౌకల వరుసతో ఒక్కసారి కూడా తలపడకపోవడం, అదే ఫిరంగి నేల మీద ఏళ్ల తరబడి పేలడం విడ్డూరమే.

ఇక్కడొక గందరగోళాన్ని తొలగించాలి. ‘పొట్టి నౌకా ఫిరంగి 14’ అనే పేరుతో ఒక ఆయుధం జర్మన్ కాగితాల్లో కనిపిస్తుంది. దానికి నౌకలతో ఏ సంబంధమూ లేదు. అసలు సంగతి బయటికి పొక్కకుండా పెట్టిన మారుపేరు అది. లోకానికి అది ‘బిగ్ బెర్తా’గా, అంటే క్రుప్ వారసురాలు బెర్తా పేరుతో తెలుసు. 42 సెంటీమీటర్ల వ్యాసం, వ్యాసానికి పన్నెండు రెట్లే పొడవు, 40 టన్నుల పైచిలుకు బరువు, 800 కిలోలకు పైబడిన గుండు, సుమారు 9 కిలోమీటర్ల దూరం. రెండు బెర్తాలు 1914 ఆగస్టు 12న బెల్జియంలోని లియేజ్ ముందుకు చేరాయి. ఆ నగరం చుట్టూ ఉన్న 12 కోటలను బ్రియాల్మో అనే ఇంజనీరు 1888 నుంచి కట్టించాడు. అప్పటికి రణరంగానికి తేగలిగిన పెద్ద ఫిరంగి 21 సెంటీమీటర్లదే కనుక దానికి తట్టుకునేలా కట్టారు. కాంక్రీటులో ఇనుప కమ్ములు లేవు, ఒక పొర ఆరిన తర్వాత మరొక పొర పోశారు. ఆగస్టు 15న లోన్సాఁ కోట మందుగుండు గదిలోకి గుండు దిగి కోట లోపలి నుంచే బద్దలైంది. దాదాపు 350 మంది సైనికులు శిథిలాల కింద పోయారు. వారిలో చాలామంది నేటికీ అక్కడే ఉన్నారు. రక్షణ సేనాని జెనరల్ లెమాన్ స్పృహ లేని స్థితిలో పట్టుబడ్డాడు.

ఆ విజయం ఒక భ్రమను కూడా మిగిల్చింది. 1916లో ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర ఇదే 42 సెంటీమీటర్ల గుండ్లు దువోమోఁ కోట మీద పడ్డప్పుడు, ఇనుప కమ్ములతో బలపరిచిన కాంక్రీటు వాటిని చాలావరకు ఓర్చుకుంది. ఫిబ్రవరి 25న ఆ కోట జర్మన్ల చేతికి వచ్చింది, కొద్దిపాటి పదాతి సైనికులు కాపలా పలచగా ఉన్న లోపలికి దూరడం వల్ల. లియేజ్‌లో గెలిచింది ఎంతవరకు ఫిరంగి, ఎంతవరకు పాతబడ్డ కాంక్రీటు అన్న ప్రశ్నకు దువోమోఁ గోడలే సమాధానం.

నిజమైన నౌకా ఫిరంగి నేల మీదికి వచ్చినప్పుడు దాని స్వభావమే మారింది. ఓడ టరెట్‌లో గొట్టాన్ని పైకెత్తడానికి కవచంలో కంత కోయాలి. కంత పెద్దదైతే కవచం బలహీనమవుతుంది. అందుకే ‘బాయెర్న్’ ఓడ గొట్టాలు మొదట 16 డిగ్రీల కోణానికి మించి లేవలేదు, గుండు 20 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయేది. సముద్రం మీద అంతకు మించి గురి చూడటం ఎలాగూ కష్టం కాబట్టి అది లోపం అనిపించలేదు. అదే ఫిరంగిని కాంక్రీటు పునాది మీద తిరిగే వేదికకు బిగించి ఏటవాలుగా ఎత్తితే దూరం రెట్టింపు దాకా పెరిగింది. తేలికైన గుండుతో 47 కిలోమీటర్లు చేరగలిగింది. అయితే గుండు ఎక్కడ పడుతుందో పేల్చేవారికి కనిపించదు. ఓడలాంటి చిన్న, కదిలే లక్ష్యానికి ఆ దూరం పనికిరాదు. కదలని పెద్ద లక్ష్యం కావాలి, అంటే రేవో, రైలు జంక్షనో, ఊరో. దూరం పెరిగేకొద్దీ ఫిరంగి పట్టణాల వైపు తిరగడం ఆ గణితం నుంచే పుట్టిన పరిణామం. 1915 ఏప్రిల్ ఆఖరులో డంకర్క్ మీద పడ్డ తొలి 38 సెంటీమీటర్ల గుండ్లు, 1916 ఫిబ్రవరి 21న వెర్డన్ పట్టణం మీద పడ్డ గుండ్లు ఆ వరుసలోనివే.

బెల్జియంలోని ఫ్లాండర్స్ తీరంలో మాత్రం ఈ ఫిరంగులు తమ అసలు పనికి దగ్గరగా ఉన్నాయి. అడ్మిరల్ ష్రోడర్ నడిపిన నౌకాదళ సేన ఓస్టెండ్, జీబ్రుగ్గె రేవుల్లోని జలాంతర్గాములకు కాపలాగా ఆ తీరమంతా ఫిరంగులు పేర్చింది. ఓస్టెండ్ దగ్గర ‘టిర్పిట్జ్’ స్థావరంలో నాలుగు 28 సెంటీమీటర్ల ఫిరంగులు, ‘డాయిచ్‌లాండ్’ స్థావరంలో నాలుగు 38 సెంటీమీటర్ల ఫిరంగులు, క్నోకె దగ్గర జర్మన్ చక్రవర్తి కైజర్ పేరిట నాలుగు 30.5 సెంటీమీటర్లవి ఉండేవి. వీటి వల్ల మునిగిన ఓడలు కొద్దే. కాని బ్రిటిష్ నౌకలు పగటిపూట తీరానికి దగ్గరగా వచ్చి నిలవలేకపోయాయి, తీర రక్షణ ఫిరంగి ఆశించేది కూడా అదే.

పారిస్ ఫిరంగి ఈ తర్కానికి చివరి మెట్టు. క్రుప్ రూపకర్త ఫ్రిట్జ్ రౌసెన్‌బెర్గర్ బృందం 38 సెంటీమీటర్ల నౌకా ఫిరంగి గొట్టాన్ని తీసుకొని, దాని లోపల 21 సెంటీమీటర్ల సన్నని పొడవాటి గొట్టాన్ని దించి, దాని కొసకు గాడులు లేని మరో ముక్క అతికింది. మొత్తం పొడవు 34 మీటర్లు. తన బరువుకు తానే వంగిపోతుంటే పైనుంచి వంతెనకు కట్టినట్టు తీగలతో నిలబెట్టారు. గుండు బరువు 106 కిలోలు, దాన్ని తోసే మందు అంతకన్నా ఎక్కువ. గుండు సెకనుకు 1,600 మీటర్లకు పైగా వేగంతో బయటపడి, గాలి పలచగా ఉండే 40 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, సుమారు మూడు నిమిషాల తర్వాత 120 కిలోమీటర్ల అవతల పడేది. పల్చటి గాలిలో ప్రయాణం ఎక్కువైతే గుండు లెక్కకు మించి దూరం పోతుందన్నది అంతకుముందు పరీక్షల్లో తెలిసిన సంగతే. మూడు నిమిషాల్లో భూమి తిరిగే మేరకు కూడా గురిని సవరించాల్సి వచ్చింది.

ఈ దూరానికి మూల్యాన్ని గొట్టమే చెల్లించింది. ఒక్కో పేలుపుకూ లోపలి ఉక్కు ఎంత అరిగిపోయేదంటే, గుండ్లన్నిటికీ వరుస సంఖ్యలు వేసి, ప్రతి గుండునూ ముందుదానికన్నా కాస్త లావుగా చేయాల్సి వచ్చింది. వరుస తప్పితే గుండు గొట్టంలో ఇరుక్కోవచ్చు. 60, 65 గుండ్ల తర్వాత గొట్టాన్ని ఊడదీసి క్రుప్ కర్మాగారానికి పంపి, మరింత వెడల్పుగా తొలిపించేవారు. 1918 మార్చి 23 ఉదయం తొలి గుండు పడ్డప్పుడు పారిస్ వాసులు ఆకాశంలో కనిపించనంత ఎత్తున విమానం ఉందనుకున్నారు. కొన్ని గంటల్లో ముక్కలను పరిశీలించి ఫిరంగి అని తేల్చారు. క్రెపీ దగ్గరి అడవిలో ఆ ఫిరంగిని నౌకాదళ సిబ్బందే నడిపారు. శబ్దాన్ని బట్టి చోటు పసిగట్టకుండా చుట్టుపక్కల ఇతర ఫిరంగులను కూడా అదే సమయానికి పేల్చేవారు. మార్చి 29న, గుడ్ ఫ్రైడే నాడు, ప్రార్థన జరుగుతున్న సాఁ జెర్వే చర్చి కప్పు కూలి సుమారు 90 మంది చనిపోయారు. ఆగస్టు 9 దాకా మూడు వందలకు పైగా గుండ్లు పడి, మొత్తం 250 మంది దాకా మరణించారు. అయినా ఒక్కో గుండులో పేలుడు పదార్థం 7 కిలోలే. మిగతాదంతా ఆ ప్రయాణానికి తట్టుకోవడానికి అవసరమైన మందపు ఉక్కు. 34 మీటర్ల గొట్టం, అంత మందు, అంత లెక్క, ఇదంతా ఖర్చు పెట్టి సుమారు 75 మైళ్ల దూరానికి చేరవేసింది ఏడు కిలోల పేలుడు పదార్థాన్ని. యుద్ధం ముగిశాక ఆ ఫిరంగి మిత్రరాజ్యాల చేతికి చిక్కలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కుదిరిన వెర్సాయ్ సంధి జర్మనీ నుంచి భారీ ఫిరంగులను లాగేసుకుంది, నౌకాదళానికి మాత్రం కొన్ని కాలం చెల్లిన యుద్ధనౌకలను వదిలింది. వాటిలో ‘ష్లెస్విగ్ హోల్‌స్టైన్’ ఒకటి. 1939 సెప్టెంబరు 1 తెల్లవారుజామున డాన్జిగ్ రేవులో వెస్టర్‌ప్లాటె పోలిష్ స్థావరం మీద రెండో ప్రపంచ యుద్ధపు తొలి గుండ్లు వేసింది ఆ ఓడ 28 సెంటీమీటర్ల ఫిరంగులే. అవి సుమారు మూడు దశాబ్దాల కిందటివి.

పాత క్రుప్ ఫిరంగి అంతకన్నా పెద్ద పని కూడా చేసింది, జర్మనీకి వ్యతిరేకంగా. 1940 ఏప్రిల్ 9 తెల్లవారుజామున కొత్త భారీ క్రూయిజర్ ‘బ్ల్యూఖర్’ ఓస్లో జలసంధిలోకి ప్రవేశించినప్పుడు, ఆస్కార్స్‌బోర్గ్ కోటలోని కర్నల్ ఎరిక్సెన్ దగ్గర ఉన్నవి 1890ల్లో క్రుప్ నుంచి కొన్న 28 సెంటీమీటర్ల ఫిరంగులు. వాటికి మోషే, ఆరోన్, యెహోషువ అని బైబిల్ పేర్లు. సిబ్బంది చాలక రెండే పేల్చగలిగారు, ఒక్కో గుండు మాత్రమే. దూరం రెండు కిలోమీటర్ల లోపు కాబట్టి రెండూ తగిలాయి. ఆ తర్వాత కోట నుంచి వదిలిన టార్పెడోలతో ఓడ మునిగింది. ఆ ఆలస్యంలో నార్వే రాజు, పార్లమెంటు ఓస్లో విడిచి వెళ్లగలిగారు, దేశపు బంగారం కూడా తరలింది. ఈ వ్యాసంలో ప్రస్తావనకు వచ్చిన ఫిరంగులన్నిటిలో గుండుకు గుండు లెక్కన ఎక్కువ ఫలితం సాధించినవి ఇవేనని చెప్పవచ్చు. దానికి కారణం ఇరుకైన జలసంధి, తప్పించుకోలేని ఓడ, తటపటాయించని సేనాని.

హిట్లర్ కాలంలో నౌకాదళం మళ్లీ 28తో మొదలై 38కి వచ్చింది. ‘షార్న్‌హోర్స్ట్’, ‘గ్నైజెనావ్’ ఓడలకు తొమ్మిదేసి 28 సెంటీమీటర్ల ఫిరంగులు పెట్టారు. 1940 జూన్‌లో వీటి గుండు బ్రిటిష్ విమానవాహక నౌక ‘గ్లోరియస్’కు సుమారు 24 కిలోమీటర్ల దూరం నుంచి తగిలింది, కదిలే లక్ష్యం మీద నౌకా ఫిరంగి సాధించిన అతి దూరపు గురుల్లో అదొకటి. ‘బిస్మార్క్’కు ఎనిమిది 38 సెంటీమీటర్ల ఫిరంగులు, 800 కిలోల గుండు. 1941 మే 24న డెన్మార్క్ జలసంధిలో పోరు మొదలైన ఎనిమిది, తొమ్మిది నిమిషాలకే బ్రిటిష్ యుద్ధ క్రూయిజర్ ‘హుడ్’ వెనుక మందుగుండు గదులు పేలి ఓడ రెండుగా విరిగింది. 1,400 మందికి పైబడిన సిబ్బందిలో ముగ్గురే బతికారు. ఆ ఉదయం మొత్తం మీద బిస్మార్క్ పేల్చిన భారీ గుండ్లు 93. జట్లండ్‌లో తేలిన పాఠమే పాతికేళ్ల తర్వాత మళ్లీ కనిపించింది. మూడు రోజుల తర్వాత బిస్మార్క్ కూడా మునిగింది.

‘గ్నైజెనావ్’కు పట్టిన గతి ఇంకా విచిత్రం. 1942 ఫిబ్రవరిలో కీల్ రేవులో బాంబు పడి ముందు భాగం నాశనమయ్యాక, దాన్ని 38 సెంటీమీటర్ల ఫిరంగులతో తిరిగి కట్టాలనుకొని మధ్యలో వదిలేశారు. దాని టరెట్లను తీర రక్షణకు పంపారు. ‘సీజర్’ అని పేరున్న మూడు గొట్టాల టరెట్ నార్వేలో ట్రోండ్‌హైమ్ జలసంధి ముఖద్వారం దగ్గర ఆస్ట్రాట్ కొండలో దిగింది. దాని కింద కొండను తొలిచి, ఓడలో ఉన్నట్టే మందుగుండు గదులు, ఎత్తుడు యంత్రాలు, నివాసాలు అంతస్తులుగా అమర్చారు. ఓడ మిగల్లేదు గాని టరెట్ ఇప్పటికీ అక్కడ ఉంది, ఇప్పుడది మ్యూజియం.

నేల కోసమే ప్రత్యేకంగా చేసిన రాక్షస ఫిరంగులకు వస్తే, 80 సెంటీమీటర్ల ‘డోరా’ గురించి చాలామంది వినే ఉంటారు. 1,350 టన్నుల బరువు, 32 మీటర్ల గొట్టం, 7 టన్నుల పైబడిన కవచభేదక గుండు. ఫ్రాన్స్ సరిహద్దులోని మాజినో కోటలను పగలగొట్టాలని దీన్ని తలపెట్టారు. ఇది సిద్ధం కాకముందే 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయింది. పని వెతుక్కుంటూ 1942 జూన్‌లో క్రిమియాలోని సోవియట్ రేవు సెవాస్తోపోల్ చేరి, రెండు జతల పట్టాలు, వేలమంది కూలీలు, వారాల శ్రమ తర్వాత 48 గుండ్లు వేసింది. అఖాతం అడుగున ఉన్న ఒక సోవియట్ మందుగుండు గిడ్డంగిని అది పేల్చిందని చెబుతారు. ఆ దండయాత్రను నడిపిన మాన్‌స్టైన్ కూడా, దాని ఫలితానికీ దాని మీద పెట్టిన శ్రమకూ పొంతన లేదని యుద్ధం తర్వాత రాశాడు. ఆ ముట్టడిలో జర్మన్లను నిజంగా వేధించినది సోవియట్ల తీర రక్షణ స్థావరం. జర్మన్లు దానికి ‘మాక్సిమ్ గోర్కీ’ అని పేరు పెట్టారు. కాంక్రీటులో దింపిన రెండు కవచ టరెట్లలో యుద్ధనౌక తరహా 30.5 సెంటీమీటర్ల ఫిరంగులు నాలుగు దానిలో ఉండేవి. ఓడ ఫిరంగిని ఒడ్డున పెట్టే ఆలోచన ఒక్క జర్మనీది కాదన్నమాట. దాన్ని నోరు మూయించడానికి 60 సెంటీమీటర్ల ‘కార్ల్’ మోర్టార్లు, ఆపై పదాతి దళం బాంబులు పట్టుకొని లోపలికి దిగడం, రెండూ అవసరమయ్యాయి.

సైన్యం వాడిన రైలు ఫిరంగుల్లో అర్థవంతమైనది 28 సెంటీమీటర్ల ‘కే 5’. 255 కిలోల గుండును 60 కిలోమీటర్లకు పైగా పంపేది, మామూలు రైలు పట్టాల మీద నడిచేది, పేల్చాక సొరంగంలో దాక్కునేది. 1944లో ఇటలీలోని అన్జియో తీరంలో దిగిన అమెరికన్, బ్రిటిష్ సైనికులను నెలల తరబడి నిద్రపోనివ్వనివి ఇలాంటివి రెండు. వాటిలో ‘లియోపోల్డ్’ అమెరికాలో మ్యూజియం చేరింది.

ఇంగ్లిష్ ఛానెల్ ఒడ్డు చివరి అంకం. 1940లో ఇంగ్లండ్ మీద దండెత్తే ఆలోచనతో కలే చుట్టుపక్కల నౌకా ఫిరంగులు మోహరించారు. గ్రీ నే అగ్రం దగ్గర ‘టోట్’ స్థావరంలో నాలుగు 38 సెంటీమీటర్ల ఫిరంగులు, అంటే బిస్మార్క్ మీదున్న రకమే. 495 కిలోల తేలిక గుండుతో ఇవి 55 కిలోమీటర్లు చేరేవి. దండయాత్ర జరగలేదు. ఫిరంగులు మాత్రం నాలుగేళ్లు అక్కడే ఉండి డోవర్ మీద 2,200కు పైగా గుండ్లు వేశాయి, ఎన్నో ఇళ్లు కూలాయి, జనం గుహల్లో తలదాచుకున్నారు. జలసంధిలో పోయే ఓడల రాకపోకలను మాత్రం ఆపలేకపోయాయి. అవతలి ఒడ్డున బ్రిటిష్ వారు బదులుగా పెట్టిన ‘విన్నీ’, ‘పూ’ అనే 14 అంగుళాల ఫిరంగులు కూడా యుద్ధనౌకల కోసం చేసిన అదనపు గొట్టాలే. వాటిని పేల్చింది కూడా నౌకాదళపు మెరైన్లే. రెండు ఒడ్డుల మీదా ఓడ లేని ఓడ ఫిరంగులు ఒకదాన్నొకటి చూసుకుంటూ గడిపాయి. 1944 సెప్టెంబరు చివరి వారంలో కెనడా సైనికులు వెనుకవైపు నుంచి, అంటే నేల వైపు నుంచి వచ్చి జర్మన్ స్థావరాలను పట్టుకున్నారు.

వీటిలో అతిపెద్దవి సంగాట్ దగ్గరి మూడు 40.6 సెంటీమీటర్ల ఫిరంగులు. బిస్మార్క్ తర్వాత కట్టాలనుకున్న ‘హెచ్’ తరగతి మహానౌకల కోసం వాటిని రూపొందించారు. 1939లో ఆ ఓడల పని మొదలై కొద్ది వారాలకే యుద్ధం వచ్చి ఆగిపోయింది. అదే రకం ఫిరంగులు నాలుగు నార్వేలో హార్స్టా దగ్గర ట్రోండెనెస్ కొండ మీద నిలిచాయి. యుద్ధం తర్వాత నార్వే సైన్యం వాటిని వాడుకొని, 1957లో చివరిసారి పేల్చింది. సంగాట్ ఫిరంగులు మాత్రం మొదట పోలండ్‌లోని హెల్ ద్వీపకల్పంలో బాల్టిక్ సముద్రానికి కాపలాగా నిలిచాయి. సోవియట్ నౌకాదళం నుంచి ముప్పు తగ్గిందనుకున్నాక, 1941లో వాటిని ఊడదీసి రైళ్ల మీద ఖండం దాటించి ఛానెల్ ఒడ్డుకు చేర్చారు. బిస్మార్క్‌తో పాటు మునిగిన కెప్టెన్ ఎర్న్‌స్ట్ లిండెమాన్ పేరు ఆ స్థావరానికి పెట్టారు. 1980ల చివర ఛానెల్ సొరంగం తవ్వినప్పుడు ఫ్రాన్స్ వైపు బయటికి వచ్చిన సుద్దమట్టిని పోయడానికి చోటు కావలసి వచ్చింది. లిండెమాన్ స్థావరపు కాంక్రీటు గదులు ఇప్పుడు ఆ మట్టి కింద ఉన్నాయి.